మొదటి ముక్క తమ్ముడి కంటికి

నేను చాలా తెలివైనవాణ్ని. కోరుట్ల బజారులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. అడక్కపోతే నేనే చెబుతాను. హైదరాబాదులోని ఒక పెద్ద కంటి ఆస్పత్రిలో, చూపు పోతున్న కంటికి కొత్త పొర వేసే ప్రయోగంలో ఒకే ఒక్క చోటు మిగిలి, అది నా పేరు మీదికే వస్తే, నేను తీసుకోలేదు. తమ్ముణ్ని ముందుకు తోశాను. వాడి కంట్లో అది ఎలా నిలుస్తుందో చూసి, బాగుంటే అప్పుడు నేనూ వేయించుకుందామని. కోత నాకు లేదు, భయం నాకు లేదు, పైగా చుట్టాలంతా నన్ను త్యాగమూర్తి అన్నారు. ఇంత లాభసాటి బేరం మా నాన్న కూడా ఏనాడూ చేసి ఉండడు.

ఇదంతా రాసుకుంటే మనసు కుదుటపడుతుందని నా భార్య భాగ్య అంది. నేను చెబుతుంటే తనే రాస్తున్నది. మధ్యమధ్య కలం ఆపి, "ఇది గూడ రాయాల్నా?" అని అడుగుతున్నది. రాయమంటున్నాను.

మా నాన్నది జగిత్యాలలో బట్టల దుకాణం. మిల్లు నుంచి కొత్త తాను వస్తే నాన్న దాన్ని వెంటనే అమ్మకానికి పెట్టేవాడు కాదు. ఒక ముక్క కోసి, అంగీ కుట్టించి, మూడు ఉతుకులు చూసేవాడు. రంగు దిగితే తాను వెనక్కి పోయేది. ఆ అంగీ ఎప్పుడూ తమ్ముడు రాజేశానికే. చిన్నవాడు గనుక బట్ట తక్కువ పడుతుంది. చెమటకు రంగు దిగి వాడి వీపు ఒక వారం నీలంగా, ఒక వారం ఎర్రగా ఉండేది. నేను పెద్దవాణ్ని, నాకు ఉతుకు చూసిన బట్టే. దీన్ని మేం ప్రేమ అనీ అనుకోలేదు, అన్యాయం అనీ అనుకోలేదు. దుకాణం పద్ధతి అది.

పెద్దయ్యాక నేను కోరుట్లలో నా బట్టల దుకాణం పెట్టుకున్నాను. 2009 చలికాలంలో నా కంటి నడుమ మసక మొదలైంది. తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి మాట వచ్చి, ఆ మాట మళ్లీ వెనక్కి పోయి, రోజు విడిచి రోజు బంద్ జరుగుతున్న కాలం. దుకాణాలు మూసేయాలి, కడుపులు మాత్రం మూసుకోవు. లైట్లు ఆర్పి, షట్టర్ సగం దించి, వంగి లోపలికి వచ్చినవాళ్లకు అమ్మేవాళ్లం. కాబట్టి ఆ మసక చీకటి వల్లే అనుకున్నాను. రెండు నెలలు అనుకున్నాను.

ఈ జబ్బు తీరు విచిత్రమైనది. చుట్టుపక్కల అంతా కనబడుతుంది. ఏది చూద్దామనుకుంటామో అదే కనబడదు. చీర అంచు కనబడుతుంది, చీర కొనే మనిషి మొహం కనబడదు. నాలాంటి బేరగాడికి బతుకంతా మొహంలోనే ఉంటుంది. ధర చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లు ఒక్క క్షణం ఎటు పోతాయో చూసి ఎంత దిగాలో, ఎక్కడ ఆగాలో లెక్క కట్టేవాణ్ని. ఆ లెక్క పోయింది.

ఒక బంద్ రోజున ఒక పెద్దావిడ షట్టర్ కింద నుంచి వంగి వచ్చి నేత చీర అడిగింది. జలుబుతో గొంతు బొంగురుపోయి ఉంది. ధర చెప్పాను. తగ్గించమంది.

"నీ మొహం చూసి గింతకిస్తున్ననమ్మా. ఇంకొకలకైతే ఇయ్య," అన్నాను.

అట్లా పది నిమిషాలు సాగింది. చివరికి ఆమె చీరను మడతపెట్టి నా ముందుకు తోసింది.

"అల్లుడా, నా మొహం చూసే గీ ధర చెప్తున్నవా? బిడ్డనిచ్చిన కాడ గూడ లాభం తీస్తవా?"

రాయికల్ నుంచి వచ్చిన మా అత్త. ఆ చీర ఊరికే ఇచ్చుకోవాల్సి వచ్చింది. భాగ్య అప్పటికి నవ్వింది గానీ, వారం తిరక్కముందే నన్ను హైదరాబాదు బస్సెక్కించింది.

ఆ ఆస్పత్రి హాలులో ఎన్ని గంటలు కూర్చున్నానో లెక్క లేదు. కంట్లో చుక్కలు వేస్తారు, అంతా మసకవుతుంది, కూర్చోమంటారు. టోకెన్ నంబర్లు గోడ మీద ఎర్రగా వెలుగుతాయి. కళ్లు కనబడనివాళ్ల కోసం గోడ మీద అంకెలు పెట్టిన మహానుభావుడెవరో గానీ, చేతికి దొరికితే రెండు మీటర్లు తక్కువ కొలిచి ఇచ్చేవాణ్ని. నా పక్కన ఒకావిడ కూర్చునేది, బీడీలు చేసే మనిషి. తల్లి కన్ను చూపించడానికి వచ్చింది. ఊరికే కూర్చున్నా వేళ్లు ఒళ్లో బీడీలు చుడుతున్నట్టే కదులుతుండేవి. "సేటూ, నీ నంబరు అస్తే నేను చెప్త. నువ్వు కండ్లు మూసుకొని పండు," అనేది. తన నంబరు దాటిపోతున్నా నా నంబరే ముందు చెప్పింది ఒకసారి.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, ఇది వంశంలో వచ్చేదని, అన్నదమ్ములుంటే తీసుకురమ్మని చెప్పింది. రాజేశం సిరిసిల్లకు ఇల్లరికం పోయాడు. మామ షెడ్డులో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. తీసుకుపోయి చూపిస్తే వాడి మసక నాదాని కంటే పాతది. తెగిన పోగును కంటితో కాక వేలితో వెతికి ముడివేయడం అలవాటు చేసుకుని, పెళ్లానికి కూడా చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు.

2011 మొదట్లో డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆ ప్రయోగం సంగతి చెప్పింది. కంటి వెనక తెర కింద ఒక ఒంటి వరుస కణాలుంటాయట. అవి చూడవు. చూసే కణాలకు తిండి పెట్టి, వాటి చెత్త ఎత్తిపోస్తాయి. మా ఇద్దరిలో ఆ వరుస చచ్చిపోతున్నది. దాన్ని బయట పెంచి కంట్లో పెట్టాలని వాళ్ల ప్రయత్నం. చిక్కంతా దేని మీద పెంచాలన్న దగ్గరే. నున్నటి గాజు మీద పోస్తే ఆ కణాలు కాళ్లు బారజాపి, నలుపు పోగొట్టుకుని, పనికిరాకుండా పోతాయట. అందుకని వెంట్రుక కంటే ఎంతో సన్నని పొర చేసి, దాని మీద కంటికి ఆనని గీతలూ గుంటలూ తీర్చి, కణాలు పట్టుకునే పూత పూస్తారు. అప్పుడవి దానిమ్మ గింజల్లా ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడి, నల్లబడి, చెప్పిన పని చేస్తాయి.

నేను అడగాల్సింది అడిగాను. "గ్యారంటీ ఎంత మేడం? పని చేయకుంటే వాపస్ తీస్తరా?"

గ్యారంటీ లేదని, వెనక్కి తీయడం కష్టమని రెండు ముక్కల్లో చెప్పింది.

రాజేశం అప్పటిదాకా తల వంచుకుని వింటున్నాడు. "మేడం, గా పొర పోసిందా, నేసిందా? నేసిందైతే పోగులు ఎంత దగ్గర పడ్తయి?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "రెండు రకాలూ చేశాం. నేసినట్టున్న దాని మీదే బాగా పెరిగాయి. మీకెట్లా తట్టింది?"

"మరీ దగ్గర పడితే కిందికెల్లి తిండి ఎక్కదు గద. వదులైతే గవి జారిపోతయి."

"మా తంటా అంతా అదే," అని ఆమె నవ్వి, సొరుగులోంచి బొమ్మలు తీసి వాడికి చూపించసాగింది. వాడు తల పక్కకు తిప్పి, కంటి అంచుతో చూస్తున్నాడు. అరగంట మాట్లాడుకున్నారు. బట్టల దుకాణం నాది, బట్ట గురించి మాట్లాడే మర్యాద వాడిది. నా కడుపులో మంట పుట్టింది ఆ కుర్చీలోనే. ఆపరేషన్ తర్వాత పుట్టిందని అందరికీ చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం.

చివరికి ఆమె నా వైపు తిరిగింది. "ఇది మొదటి దశ. కంటికి హాని చేయదు కదా అన్నదే చూస్తున్నాం. చూపు వస్తుందని నేను చెప్పను. ఎక్కువ పాడైన కంటికే వేస్తాం. ఈ విడతలో ఒకరికే చోటుంది, ముందు మీ పేరుంది. ఇంకో మాట. మీ కన్ను ఆగదు. కింది పొర పోతే, కొన్నాళ్లకు పైన చూసే కణాలూ పోతాయి. అవి పోయాక ఏం వేసినా లాభం ఉండదు."

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. "ఈ రోజే కొనండి, రేపు ఉండదు" అన్న మాట నేను రోజుకు ఇరవైసార్లు చెబుతాను. తొందరపెట్టడం అమ్మేవాడి లక్షణం. తొందరపడకపోవడం కొనేవాడి తెలివి. ఆమె నాకేమీ అమ్మడం లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

"తమ్మునికి ఇయ్యుండ్రి మేడం. వాడు సాంచా నడపాలె. నాదేమున్నది, గల్ల మీద కూసునేటోణ్ని."

"ఇది బస్సులో సీటు కాదండీ, ఇచ్చుకోవడానికి. వద్దనుకుంటే అది మీ ఇష్టం. ఆయన్ని నేను విడిగా అడుగుతాను," అంది. నన్ను బయట కూర్చోబెట్టి వాడితో చాలాసేపు మాట్లాడింది. వాడు బయటికి వచ్చి, "చేయించుకుంటనే అన్నా," అన్నాడు. కాళ్లకు మొక్కలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. నాకు కొంచెం వెలితి అనిపించింది. భాగ్య మాత్రం ఫోన్‌లో సంగతి విని ఏడ్చింది. "గంత పెద్ద మనసని నాకు తెల్వదు," అంది. నాకూ తెలియదు.

ఆ ఏడు వానాకాలంలో రాజేశానికి ఆపరేషన్ అయింది. పట్టీ విప్పి చూసే తేదీ దగ్గరపడేసరికి తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు. సిరిసిల్లలో జీపు మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం. సిద్దిపేట చేరకముందే రోడ్డు నిండా పొయ్యిలు. వంటావార్పు. ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకుని తింటున్నారు. జీపు ఆపారు. కర్ర పట్టుకున్నాయన తొంగిచూసి, రాజేశం కంటి పట్టీ చూసి, "దవాఖానకా? పోనిస్తం, జర తిని పోండ్రి," అన్నాడు. ఒకామె వాడి చెయ్యి పట్టుకుని దింపి, కుర్చీ వేసి, విస్తరిలో వేడన్నం, పప్పుచారు పెట్టింది. నాకు పట్టీ లేదు.

"కాకా, నువ్వు మంచిగనే ఉన్నవు గద. గీ గంజు ఒక చెయ్యి పట్టు," అంది నాతో.

పొయ్యి మీది ఆ పెద్ద గిన్నె పట్టబోయాను. చెయ్యి అంచు మీద కాకుండా ఆవిరిలోకి పోయింది. ఆమె చప్పున నా మణికట్టు పట్టుకుంది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసిందనుకుంటాను. నన్ను కూడా కూర్చోబెట్టి, కాలిన వేళ్ల మీద చల్లనీళ్లు పోసి, విస్తరి ఒళ్లో పెట్టింది. తమ్ముడికి తెలియనివ్వలేదు. అంత రోడ్డు మీద, అంతమందిలో, నా కన్ను పాడైందని చూసినది ఆమె ఒక్కతే.

చలికాలం నాటికి రాజేశం కోరుట్ల వచ్చాడు. అన్నం తింటూ తలెత్తి, "అన్నా, మీసంల తెల్లవెంట్రుక అచ్చిందే," అన్నాడు. భాగ్య చేతిలో గరిటె ఆగింది. దేవుని ముందు దీపం పెట్టింది. నేను తెల్లారి మీసానికి రంగు వేసుకున్నాను.

ఆ తర్వాత నా కన్ను సంగతి మానేసి వాడి కన్ను సంగతే చూశాను. వచ్చినప్పుడల్లా పరీక్షలు పెట్టేవాణ్ని. నల్లదారం కలిసిన ముదురు నీలం ముక్క ఇచ్చి ఏ రంగని అడిగేవాణ్ని. చెప్పేవాడు. రెండు తాన్లు పక్కపక్కన పెట్టి ఏది కల్తీ అని అడిగేవాణ్ని. చెప్పేవాడు. ఒక్కసారైనా తప్పితే బాగుండని ఉండేది. ప్రతిసారీ "శభాష్" అని వీపు తట్టేవాణ్ని, కాస్త గట్టిగానే. బజారులో దీక్షా శిబిరం దగ్గర వాడు బ్యానర్ మీది అక్షరాలు చదివాడని ఎవరో చెబితే, మర్నాడు నేను అక్కడికి పోయి అందరికంటే గట్టిగా నినాదాలిచ్చాను. బ్యానర్ ఎటుందో తెలియక నినాదమంతా ఛాయ్ బండికిచ్చాను.

జనం దుకాణానికి వచ్చి, "మీ దయతోని తమ్మునికి చూపచ్చిందట," అనేవాళ్లు. నవ్వేవాణ్ని. ఆ నవ్వు మొహాన నిలబెట్టడం కంటే పెళ్లిళ్ల సీజన్‌లో చీరలు మడతపెట్టడం తేలిక.

తర్వాతి విడత ఎప్పుడని ఆస్పత్రికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఓపిక పోయి, జగిత్యాలలో ఒకాయన దగ్గరికి కూడా పోయాను. కంటి కణాలకు సూదిమందు అన్నాడు. ధర చెప్పాడు. అలవాటు కొద్దీ సగానికి అడిగాను. వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోగానే లేచి వచ్చేశాను. ఒక్క మాటకు సగం దిగే సరుకులో సగం కూడా ఉండదు. నా వృత్తి నన్ను కాపాడింది ఆ ఒక్కసారే.

2012 ఎండాకాలంలో పిలుపు వచ్చింది. కొత్త అంగీ వేసుకుని పోయాను. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, నన్నూ భాగ్యనూ కూర్చోబెట్టింది.

"పైన చూసే కణాలు చాలావరకు పోయాయండీ. కింద మంచి పొర వేసినా తిండి తినేవాళ్లు లేరు. ఈ విడతకు మిమ్మల్ని తీసుకోలేను."

"రెండో కన్ను?"

"అదీ అంతే."

ఇంకేదైనా దారి చూడమని, ఎంతైనా పెట్టుకుంటానని, ఒప్పుకోకుంటే ఒక్క నెల ఆగి మళ్లీ చూడమని అడిగాను. నాకు తెలిసిన పద్ధతులన్నీ వాడాను. ఆమె ఒక్క మెట్టు కూడా దిగలేదు. నా చెయ్యి మీద చెయ్యి వేసి, ఉన్న అంచు చూపును వాడుకోవడం నేర్పిస్తారని, పక్క బ్లాకులో తరగతులున్నాయని చెప్పింది. నేను పోలేదు. అది నేర్చుకుంటే ఓడిపోయినట్టు అనుకున్నాను.

ఏడాది ఆ విషం మింగుతూ తిరిగాను. 2013లో ఒకరోజు సరుకు కోసం సిరిసిల్ల పోయి, రాజేశం షెడ్డులో అడుగు పెట్టాను. సాంచాల చప్పుడుకు చెవులు దిమ్మెక్కాయి. వాడు వంగి పోగు ముడివేస్తున్నాడు. ఇంత చప్పుడులో ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాను. వాడి వెనక నిలబడి, రెండేళ్లుగా దాచుకున్నదంతా కక్కేశాను.

"నీ తలకాయల ఉన్నది నా కన్నురా. నీకిచ్చి నేను గుడ్డోణ్నయిన. నీది గూడ పోతే బాగుండని రోజూ అనుకుంటున్న. ఇయ్యాల గూడ అనుకున్న."

వాడు ముడి పూర్తి చేసి, లేచి నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఇన్న. ఇంకేమన్న ఉన్నదా?"

"ఏమిన్నవురా గీ చప్పుడుల?"

"ఇరవై ఏండ్లసంది గీన్నే ఉన్ననే. పోగు తెగితే ఇనబడ్తది. నీ గొంతు ఇనబడదా? గా మూలకు కనకయ్య గూడ ఇన్నడు."

మూలనున్న పనివాడు కనకయ్య చెయ్యి ఊపాడు. నా చూపు నడుమ లేకపోయినా అంచున ఉన్నది గనుక, ఆ చెయ్యి చాలా స్పష్టంగా కనబడింది.

వాడు నన్ను ఛాయ్ హోటల్‌కు తీసుకుపోయాడు. వాడే మొదలుపెట్టాడు.

"నన్నెందుకు ముందుకు తోసినవో గా దినమే నాకెరుక. మనింట్ల కొత్త ముక్క ఎవలి ఒంటి మీద ఉతికి చూస్తరో నాకు తెల్వదా?"

"ఎరుకైతే ఎందుకు ఒప్పుకున్నవురా?"

"నువ్విచ్చినవని గాదు. డాక్టరమ్మ నన్నొక్కన్నే కూసోబెట్టి, నీకు ఇష్టమేనా అని మూడుసార్లు అడిగింది. అంగీలప్పుడు ఎవలన్న అడిగిండ్రా? అడిగితే గవి గూడ తొడుక్కుందును."

నా గ్లాసు చల్లారిపోయింది. "నిజం చెప్పు. ఎంత కనబడ్తది?"

"గా కన్ను ఉన్నకాన్నే ఉన్నది. ఇంక కిందికి పోలె. పొగ జర పల్చబడ్డది, గంతే. రెండోది నీ లెక్కనే పోతున్నది."

"మరి రంగులు చెప్పినవు? కల్తీ బట్ట చెప్పినవు?"

"బట్ట నా చేతిల పెట్టి అడుగుతివి. ఏలు పెడితే నాకు తెల్వదా? నలుపా నీలమా అని నువ్వడిగే గొంతులనే రంగు తెలుస్తుండె."

"బ్యానర్?"

"ఊరంత అదే బ్యానరుంటే సదువుడెందుకే."

"మీసంల తెల్లవెంట్రుక?"

"వదినె చెప్పింది. నువ్వు రోజు అడుగుతుంటివి, ఏమన్న చెప్తె నీ పానం నిమ్మలమైతదనుకున్న."

ఇక్కడ భాగ్య కలం ఆపింది. "నేను మామూలుగనే అన్న. మీసం నెరుస్తున్నదని," అంది. రాయమన్నాను. రాసింది.

అంటే రెండేళ్లు నేను కుళ్లుకున్నది లేని చూపును చూసి. ఆ మాట విన్నాక మంట చల్లారాలి కదా. చల్లారలేదు. "కిందికి పోలె" అన్న మాట దగ్గర మళ్లీ అంటుకుంది. నాది పోయింది, వాడిది ఆగింది. అంత కొంచెం మీద కూడా మనిషికి ఇంత కుళ్లు పుడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇది చదివేవాళ్ల ఇంట్లో ఎవరికైనా చూపు నడుమ మసక కనబడితే, తోడబుట్టినవాళ్లందర్నీ వెంటనే చూపించండి. ప్రయోగమంటే ప్రయోగమే, అందులో చేరాలో వద్దో ఎవరి కంటికి వారే తేల్చుకోవాలి. వద్దనుకుంటే భయమేసి వద్దన్నానని చెప్పండి. పెద్ద మనసని చెప్పకండి. కన్ను చూసే డాక్టరు తొందరపెడితే అమ్ముతున్నాడో, హెచ్చరిస్తున్నాడో ఒకసారి ఆగి ఆలోచించండి. అంచు చూపు నేర్పే తరగతి ఉంటే మొదటి రోజే పోండి. నేను రెండేళ్లు ఆలస్యంగా పోయాను. అక్కడ నేర్పిన అమ్మాయి, మొహం మీద కాకుండా చెవి మీద చూపు పెట్టమంది. ఇప్పుడు భాగ్య మొహం నాకు ఓ పక్కగా, ముక్కుపుడకతో సహా కనబడుతుంది. రెండేళ్ల ముందే కనబడేది.

ఇది 2014 ఎండాకాలం. రాష్ట్రం వచ్చింది. బజారులో గులాల్ ఇంకా పూర్తిగా పోలేదు. ఇక లెక్క తేల్చాలి. డాక్టరమ్మది ఏమీ తప్పు లేదు, ఆమె పేర ఏమీ రాయవద్దన్నాను. తమ్ముడికి ఒక కన్ను నిలిచింది. అది వాడి ధైర్యానికి వచ్చింది, నా దానానికి కాదు. ఆ చోటు నేనే తీసుకుని ఉంటే నా కన్ను నిలిచేదా అంటే ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఆ నష్టం నా పేర కూడా పూర్తిగా రాయడానికి లేదు. అంచు చూపు నేర్చుకోకుండా పోగొట్టుకున్న రెండేళ్లు మాత్రం పూర్తిగా నావే. త్యాగమూర్తి అన్న పేరు ఉత్తది, కొట్టేయమన్నాను. రాజేశం ఇప్పటికీ వస్తాడు, నా పక్కనే కూర్చుని తింటాడు, అది నాకు రావలసింది కాదు, వచ్చింది. వాడి కన్ను ఆగినందుకు నాకు ముప్పావు వంతు సంతోషం. పావు వంతు ఇంకా మండుతూనే ఉంది.

భాగ్య అంతా చదివి వినిపించి, "తగ్గింపు ఏమన్న రాయాల్నా?" అని అడిగింది.

ఏమీ లేదన్నాను.